నాన్నగారి వైద్యంలో అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయింది. వైద్యం చేసినవారికీ, అంతకుముందు మా సందేహాన్ని ఓపికగా తీర్చినవారికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

కరెంటు (రేడియేషన్) పెట్టించే రోజుల్లోనే అధిక పీడన ఆక్సిజన్ గదిలో, అంటే మామూలు కన్నా ఎక్కువ గాలి ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చుకునే గదిలో కూడా ఉంచితే గడ్డ బాగా లొంగుతుందని ఒక బంధువు చెప్పగా, ఎంత ఖర్చయినా భరించడానికి సిద్ధపడి డాక్టరుగారిని అడిగాం. ఆయన ఒక్క మాటతో కొట్టిపారేయకుండా, ఓపీ రద్దీ తగ్గాక మమ్మల్ని కూర్చోబెట్టి మొదటినుంచి వివరించారు. గడ్డలో రక్తం సరిగా అందని కణాలకు ఆక్సిజన్ కొరవడుతుందని, వాటిని చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల రేడియేషన్ అవసరమవుతుందని, 1953లో బ్రిటన్ శాస్త్రవేత్త ఎల్.హెచ్. గ్రే బృందం ఆక్సిజన్ ప్రాధాన్యాన్ని స్పష్టం చేశాక 1955లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో చర్చిల్-డేవిడ్‌సన్ అనే వైద్యుడు రోగులను పీడన గదిలో ఉంచి రేడియేషన్ ఇచ్చారని చెప్పారు.

మిగతాది బ్రిటన్‌లో ఈఎన్‌టీ వైద్యురాలైన మా పిన్ని కూతురు ఫోనులో చెప్పింది. తల, మెడ క్యాన్సర్లలో రేడియేషన్‌కు ఆక్సిజన్ గదిని జోడించడం వల్ల గడ్డ తిరగబెట్టడం, మరణాలు తగ్గినట్లు 2018 నాటి కాక్రేన్ సమీక్ష (పలు వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదిక) పేర్కొన్న మాట నిజమేనని, అయితే ఆ ప్రయోజనం రేడియేషన్‌ను విడతలుగా పంచి ఇచ్చే పద్ధతుల్లో ఇప్పుడు వాడుకలో లేనివాటికే పరిమితం కావచ్చని, మూర్ఛలు, మంచి కణజాలం తీవ్రంగా దెబ్బతినడం వంటి హాని కూడా ఎక్కువగా కనిపించిందని వివరించింది. మేలును దాచకుండా, హానిని తగ్గించకుండా చెప్పడం వల్లనే సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుతో కలిపి ఇచ్చే మామూలు రేడియేషన్‌కు మేము నిశ్చింతగా ఒప్పుకోగలిగాం. ఇంతటి నిజాయితీకి ఎంత రుణపడినా తక్కువే.

చికిత్సకు ముందే పాడైన పళ్లు తీసేసి, పుండ్లు మానేదాకా ఆగమన్న దంతవైద్యురాలికి ప్రత్యేక నమస్కారాలు. రేడియేషన్ తగిలిన దవడలో తర్వాత పన్ను తీస్తే ఎముక మానక కుళ్లే ప్రమాదముందట. దాన్ని నివారించడంలో ఆక్సిజన్ గది వల్ల అదనపు లాభం కనిపించలేదని 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం హోపాన్ తేల్చిందని కూడా ఆవిడే చెప్పారు.

నోరు బిగుసుకుపోకుండా చెక్కపుల్లలు పేర్చి దవడ సాగదీసే వ్యాయామం నేర్పిన నర్సమ్మగారికి కూడా ధన్యవాదాలు. నాన్నగారు దాన్ని రోజూ తప్పకుండా చేస్తున్నారు.