డిశ్చార్జ్ రోజున కాదు, అడ్మిషన్ రోజునే చెప్పించండి

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఛైర్మన్ గారికి,
హైదరాబాద్.

అయ్యా, నమస్కారం.

మీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్న పెద్దాసుపత్రులకు ఖమ్మం, నల్గొండ, కర్నూలు నుంచి మాలాంటి వాళ్లం రోజూ వస్తుంటాం. చేతిలో పాలసీ కార్డు ఉందన్న ధైర్యంతో అడ్మిట్ అవుతాం. ఆ పాలసీ దేనికి డబ్బిస్తుందో, దేనికివ్వదో మాత్రం డిశ్చార్జ్ రోజున బిల్లింగ్ కౌంటర్ దగ్గరే మాకు తెలుస్తోంది.

రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. ప్రభుత్వ ఉద్యోగులకు వాళ్ల పథకాలు వాళ్లకున్నాయి. ఈ రెంటికీ చెందని చిన్న దుకాణదారులు, ప్రైవేటు టీచర్లు, కారు డ్రైవర్లు సొంత డబ్బుతో ప్రీమియం కట్టుకుంటున్నారు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు, సంతోషం. కానీ కొనేటప్పుడు మిగిలిన ఆ డబ్బుకు ఎన్నో రెట్లు ఆసుపత్రిలో పోతోంది. అందులో ఎక్కువ భాగం రూమ్ అద్దె నిబంధన వల్లే పోతోంది.

మా మేనమామకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు షేరింగ్ రూములు ఖాళీ లేవన్నారు. "సింగిల్ రూమ్ తీసుకోండి, అద్దెలో తేడా మీరు కట్టుకుంటే చాలు" అని అడ్మిషన్ డెస్క్‌లో చెప్పారు. మాకూ అది సబబుగానే అనిపించింది. చివరికి పడింది అద్దె తేడా ఒక్కటే కాదు. అత్తయ్య గాజులు తాకట్టు పెడితే గానీ ఆయన్ని ఇంటికి తీసుకురాలేకపోయాం.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక ఉదాహరణతో లెక్క వేస్తాను. రూమ్ అద్దె రోజుకు 5,000 వరకే ఇచ్చే పాలసీ, 5 శాతం కో-పే (కంపెనీ ఒప్పుకున్న ఖర్చులో పాలసీదారు భరించే వాటా). రోగి 10,000 రూమ్‌లో 5 రోజులు ఉన్నాడు. అద్దె 50,000, సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులు 1,20,000, మందులు, పరీక్షలు 70,000, బీమా వర్తించని సామాన్లు 10,000. మొత్తం రెండున్నర లక్షలు. అద్దెలో సగమే అర్హత ఉంది కాబట్టి సర్జన్, థియేటర్ ఖర్చుల్లోనూ కంపెనీ సగమే లెక్కలోకి తీసుకుంటుంది. అద్దె కింద 25,000, ఆపరేషన్ కింద 60,000, మందులు, పరీక్షలకు పూర్తిగా 70,000. ఈ 1,55,000లో కో-పే పోను కంపెనీ ఇచ్చేది 1,47,250. రోగి కట్టాల్సింది 1,02,750. అద్దె తేడా 25,000 కడితే చాలనుకుని వచ్చిన కుటుంబం లక్ష రూపాయలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అద్దెలో కోత పడిన నిష్పత్తిలోనే మిగతా ఖర్చుల్లోనూ కోయడాన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారని ఆ రోజు దాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ కోత వేయకూడదని, ఐసీయూ ఛార్జీలకూ ఇది వర్తించదని మీ సంస్థే 2020లో నిబంధన పెట్టింది. రూమును బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో కోత అసలే ఉండకూడదు. మంచి నిబంధనలే. కానీ వాటి సంగతి తెలియని మనిషి తన బిల్లులో కోత సరిగ్గా వేశారో లేదో ఎలా చూసుకుంటాడు?

పాలసీ ముఖ్యాంశాలను తేలిక మాటల్లో ఒక షీటుగా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది కూడా మీరే. అందులో ఒక్క మాట మార్చమని నా మొదటి విన్నపం. పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్నారు. అలాంటి షీటు ఒకటుందనే తెలియనివాడు దాన్ని తెలుగులో ఇమ్మని ఎలా కోరతాడు? అడగకుండానే తెలుగులో ఇవ్వాలి. పైన నేను వేసినలాంటి లెక్క ఆ పాలసీ అంకెలతోనే అందులో ఉండాలి. "రూమ్ అద్దె పరిమితి వర్తిస్తుంది" అన్న ముక్క చదివితే సర్జన్ ఫీజు కూడా తగ్గుతుందని ఎవరికీ తట్టదు.

రెండోది అడ్మిషన్ డెస్క్ సంగతి. ఆసుపత్రుల మీద మీకు నేరుగా అధికారం లేదనే జవాబు రావచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రితో ఒప్పందం రాసుకునేది మీ అదుపులో ఉన్న కంపెనీలే కదా! రోగికి ఎంత రూముకు అర్హత ఉందో, అంతకు మించితే ఏయే ఖర్చుల్లో కోత పడుతుందో తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలని ఆ ఒప్పందంలో పెట్టించండి. అర్హత ఉన్న రూము ఆసుపత్రిలోనే ఖాళీ లేకపోతే ఆ కోత భారం రోగి మీద వేయొద్దు. ఆ తప్పు అతనిది కాదు. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లో రావాలని 2024 మేలో మీరు చెప్పినప్పుడు అది కుదిరే పనేనా అన్న అనుమానం చాలామందికి వచ్చే ఉంటుంది. అయినా నిబంధనగా పెట్టారు. ఇదీ అలాగే పెట్టొచ్చు.

ఇక గ్లవ్స్, మాస్కులు, ఈసీజీ ఎలక్ట్రోడ్ల లాంటివి బీమా ఇవ్వని వస్తువుల జాబితాలో ఉన్నాయి. గ్లవ్స్ లేకుండా ఆపరేషన్ చేసే డాక్టరు ఎక్కడైనా ఉంటాడా? డైపర్లు, టెలిఫోన్ ఛార్జీలు వేరు, ఇవి వేరు. ఆ జాబితాను మరోసారి పరిశీలించండి.

క్లెయిమ్‌లో ఏం కోసినా పాలసీలో ఏ షరతు కింద కోశారో చెప్పాలన్నది మీ నిబంధనే. మాకొచ్చిన ఉత్తరంలో ఉన్నవి ఇంగ్లిషులో క్లాజు నంబర్లు మాత్రమే. ఆ ఉత్తరం తెలుగులో రావాలి. కంపెనీకి ఫిర్యాదు చేశాక నెల రోజుల్లో న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చని, అక్కడ ఫీజు లేదని, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉందని అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. హైదరాబాద్‌లోనే ఆ కార్యాలయం ఉన్నా, దాని పేరు మాకు చెప్పింది ఆసుపత్రీ కాదు, కంపెనీ కాదు, ఏజెంటూ కాదు. పక్క బెడ్ రోగి కొడుకు చెప్పాడు.

ఈ మార్పులకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ సర్క్యులర్ ఒకటి చాలు. ఎప్పటిలోగా ఇస్తారో తెలుగులోనే ఒక ప్రకటన ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాలసీదారు,
ఖమ్మం.