మిగతా మందు ఎటు పోతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

జబ్బుపడిన రక్తనాళానికే మందు చేర్చే నానో కణాల (కంటికి కనబడనంత చిన్న రేణువుల) గురించి మీ సైన్స్ పేజీలో వచ్చిన వార్త చదివాను. నాకున్నది వాస్క్యులైటిస్, అంటే రక్తనాళాల గోడలు వాచే జబ్బు. వాపు నాళాల్లోనే అయినా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది, కాస్త తగిలితే చాలు చర్మం కమిలిపోతోంది. రాత్రిళ్లు నిద్ర సంగతి అడగకండి. అందుకే ఇలాంటి వార్త కనబడితే మాలాంటివాళ్లం రెండుసార్లు చదువుతాం.

ఆలోచన మంచిదే. రక్తనాళం లోపలివైపు ఒకే కణం మందాన ఎండోథీలియం పొర ఉంటుంది. వాచినచోట ఆ కణాల మీద వీక్యామ్-1 అనే ప్రొటీన్ బాగా పెరుగుతుంది. దానికి అతుక్కునే యాంటీబాడీని మందు నింపిన, కొవ్వుతో చేసిన నానో కణానికి తగిలిస్తే, అక్కడే ఆగుతుందని లెక్క.

మీ వార్త కూడా అక్కడే ఆగింది. ఆ నానో కణానికి దారి తెలియదు, రక్తం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. కాలేయం, ప్లీహంలోని రక్షణ కణాలు చాలావాటిని మింగేస్తాయి. ఇలాంటి కొవ్వు నానో కణాల్లోనే ఇచ్చే, 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన పాటిసిరాన్ అనే మందుకు ఇదే కలిసొచ్చింది, అది పనిచేయాల్సింది కాలేయంలోనే కాబట్టి. మాకు అలా కలిసిరాదు.

కంటి డాక్టర్లు వాడే వెర్టెపోర్ఫిన్ అనే మందునే చూడండి. చేతి నరానికి ఎక్కిస్తారు. రెటీనా కింద పుట్టిన చెడు రక్తనాళాల మీద 83 సెకన్లు లేజర్ కాంతి వేస్తే, మందు అక్కడ పనిచేసి వాటిని మూసేస్తుంది. గురి అంత బాగా కుదిరినా, 5 రోజులు ఎండ తగలనివ్వొద్దంటారు. మందు చర్మంలోనూ ఉంటుంది మరి, వెలుతురు పడితే కాలుతుంది. ఆ మాట రోగికి ముందే చెబుతారు. మీ వార్తలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

ప్రయోగం జరిగింది ఎలుకల మీదా లేక మనుషుల మీదా, ఎక్కించిన మందులో నాళాలకు అంటింది ఎంత, కాలేయానికి పోయింది ఎంత అన్నవి హెడ్డింగ్ కిందే వేయండి. ‘స్టెరాయిడ్లకు ఇక సెలవు’ అన్న మీ శీర్షిక చూసి, ఇదే జబ్బున్న నా పరిచయస్తురాలు మాత్రలు ఆపేద్దామా అని ఫోన్ చేసింది. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరే డోసు మెల్లగా తగ్గించాలి. కనీసం ఈ ఒక్క ముక్క రేపటి పేపర్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)