ప్రసన్న వితానగే సినిమాలు మనవాళ్లకీ చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

శ్రీలంకలో 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధం నడిచింది, అంత దగ్గర దేశం అయినా ఆ యుద్ధాన్ని సినిమాల్లో చూపించిన సింహళ డైరెక్టర్ ప్రసన్న వితానగే పేరు మనలో చాలామందికి తెలీదు, అందుకే ఈ లెటర్ రాస్తున్నా.

1997లో ఆయన ‘పురహంద కలువర’ తీశారు. కళ్లు కనపడని ముసలాయన, కొడుకు ఆర్మీలో ఉంటాడు. ఒకరోజు సీల్ వేసిన శవపెట్టె ఇంటికొస్తుంది. ఊరంతా పోయాడనే అంటుంది, ఈయన మాత్రం మావాడు చావలేదంటాడు. వానల్లేవు, చేతిలో డబ్బుల్లేవు, అయినా గవర్నమెంటు పరిహారం కాగితం మీద సంతకం పెట్టడు. చివరికి సమాధి తవ్వి చూస్తే పెట్టెలో అరటి బోదెలు, రాళ్లు! జో అబేవిక్రమ ఆ తండ్రిగా చేశారు, ఆ మొహం మర్చిపోవడం నావల్ల కాలేదు. 2000లో యుద్ధం పేరు చెప్పి అక్కడి ప్రభుత్వం ఈ సినిమాని ఆపేసింది, ఆయన సుప్రీంకోర్టుకెళ్లి 2001లో గెలిచారు.

తర్వాత ‘ఇర మదియమ’లో ఊరొదిలి పొమ్మంటే కుక్కపిల్లని వదిలి వెళ్లలేక అల్లాడే ముస్లిం పిల్లాడిని చూపించారు. 2012 సినిమాలో తాకట్టు కొట్టు నడుపుకునే సింహళ మాజీ సైనికుడు ఒక తమిళ అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు, అతని గతం తెలిశాక ఆ ఇంట్లో ఇద్దరూ ఊపిరాడక నలిగిపోతారు. ఆ అమ్మాయిగా చేసింది మన ‘నా బంగారు తల్లి’ అంజలీ పాటిల్. ఆ సినిమాకి 2014లో చెన్నైలో బెదిరింపులొచ్చి షోలు ఆపేశారు. అక్కడ సొంత ప్రభుత్వం ఆపింది, ఇక్కడ తమిళుల తరఫున అంటూ ఆపారు, రెండు వైపుల ఏడుపూ చూపించిన మనిషికి ఇదెక్కడి న్యాయమండీ? నచ్చకపోతే చూసి తిట్టొచ్చు, చూడకముందే ఆపడం మాత్రం తప్పు, ఎవరు చేసినా తప్పే.

2023లో మలయాళ నటులతో ‘పారడైజ్’ తీశారు, మణిరత్నం గారి మద్రాస్ టాకీస్ సమర్పించింది, దక్షిణ కొరియాలోని బుసాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు కూడా వచ్చింది.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఫిల్మ్ క్లబ్బులవాళ్లు ఈ పాత సినిమాలు వరసగా వెయ్యాలని, మీ ఆదివారం పేజీలో ఆయన మీద ఒక వ్యాసం రావాలని కోరుతున్నా. ఓటీటీలవాళ్లకి కూడా ఒక మాట, డబ్బింగ్ అక్కర్లేదు, కింద తెలుగులో సబ్‌టైటిల్స్ వేస్తే చాలు, ఇంగ్లీషు చదవలేని మా అమ్మలాంటివాళ్లు కూడా ఆ తండ్రిని చూస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం