మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మీ డేకేర్‌లో ఏం జరుగుతోంది?

కస్టమర్ రిలేషన్స్ హెడ్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

నకలు: మా ఆఫీసు హెచ్‌ఆర్ విభాగానికి

విషయం: కొండాపూర్ శాఖలో నిద్ర వేళ పిల్లల భద్రత గురించి ఫిర్యాదు

అయ్యా / అమ్మా,

మా బాబుకి పదిహేడు నెలలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా మీ కొండాపూర్ సెంటర్‌లో ఉంటాడు. నెల ఫీజు 17,500 రూపాయలు. అందులో సగం మా కంపెనీ కడుతుంది, మిగతా సగం నా జీతంలోంచి పోతుంది. సెంటర్ హెడ్‌కి చెప్పాల్సిందంతా ముందే చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. "మీ ఫీడ్‌బ్యాక్ మాకు చాలా విలువైనది" అని మెసేజ్ వచ్చింది, దండం పెట్టే బొమ్మతో సహా. అంతకుమించి ఏమీ జరగలేదు కాబట్టి మీకు రాస్తున్నాను.

పొద్దున పూట మీ సెంటర్ మీద నాకు ఏ పేచీ లేదు. దింపడానికి వెళ్తే ముగ్గురు నలుగురు ఎదురొస్తారు, పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, చేతులకి శానిటైజర్ రాస్తారు. సాయంత్రమూ అంతే. అమ్మానాన్నలు కనిపించే వేళల్లో అన్నీ సక్రమంగానే ఉంటాయి. నా ఫిర్యాదంతా మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య గడిచే రెండు గంటల గురించి. ఆ టైమ్‌లో మీవాళ్లు గేటు తీయరు. యాప్‌లో కెమెరా రాదు. ఫోన్ చేస్తే "న్యాప్ టైమ్ మేడమ్, మూడు దాటాక చేయండి" అంటారు.

కిందటి నెల బాబుకి బూస్టర్ టీకా వేయించాల్సి ఉండి మధ్యాహ్నం లీవు పెట్టి సెంటర్‌కి వచ్చాను. ముందురోజే మెసేజ్ పెట్టాను కానీ అది లోపలివాళ్లకి చేరినట్టు లేదు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు, పాపం అతనికి మీ రూలు తెలియదు, తలుపు తీశాడు. నేను వచ్చినప్పుడు టైమ్ 1:40.

నిద్ర గది బయట చెప్పుల స్టాండ్‌లో 17 జతల చిన్న చెప్పులున్నాయి. గదిలో ఉన్న పెద్ద మనిషి ఒకే ఒక్క ఆయా. నన్ను చూసి కంగారుపడి, "ఇద్దరు తినడానికి పోయిన్రమ్మా, ఇంకొకామె ఇయ్యాల రాలే, నేనొక్కదాన్నే ఉన్న" అంది. ఒక చంకలో ఏడుస్తున్న పాప, ఇంకో చేత్తో ఇంకెవరినో జోకొడుతోంది. అడ్మిషన్ రోజు మీవాళ్లు చేతికిచ్చిన బ్రోచర్‌లో "రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక కేర్‌గివర్" అని పెద్దక్షరాల్లో ఉంది. ఈ లెక్క మధ్యాహ్నం వర్తించదని ఎక్కడా రాయలేదు.

ఆ గదిలో పరిచినవి రెండడుగుల టైల్స్. అటు ఐదు, ఇటు ఆరు. అంటే 120 చదరపు అడుగులు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో క్రెష్‌ల కోసం, అంటే మీలాంటి శిశు సంరక్షణ కేంద్రాల కోసం ఇచ్చిన కనీస మార్గదర్శకాల్లో ఒక్కో బిడ్డకి 10 నుంచి 12 చదరపు అడుగులు ఉండాలని ఉంది. ఎంత సర్దుకున్నా ఆ గది పన్నెండు మందికి మించి సరిపోదు. పిల్లలు పక్కవాళ్ల కాళ్లమీద తలలు పెట్టుకుని పడుకున్నారు.

ఇరుకు సంగతి అలా ఉంచండి. ఆ మూలన ఏడాది కూడా నిండని ఇద్దరు పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టారు. ఒకరి మొహం మెత్తటి దిండులో సగం దిగి ఉంది. బోర్లా వేస్తే ఎక్కువసేపు నిద్రపోతారని మన ఇళ్లలోనూ అంటారు, నాకు తెలుసు. ఇంట్లో అలా పడుకోబెట్టినా పక్కనే అమ్మమ్మో నాన్నమ్మో కూర్చుని ఉంటుంది. అయినా ఏడాది లోపు పిల్లల్ని గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలానే పడుకోబెట్టాలని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఆ వయసులోనే ఎక్కువ. ఇంతమందిని ఒక్కతే చూసుకునే ఆయా ఆ మూలకి ఎన్నిసార్లు తిరిగి చూడగలదు? వాళ్లు నా పిల్లలు కారు. వాళ్ల అమ్మానాన్నలు ఎవరో కూడా నాకు తెలియదు. కానీ కెమెరా ఆపేసే టైమ్‌లో ఇలా ఉంటుందని వాళ్లకి మీరే చెప్పాలి.

ఇక మందుల రిజిస్టర్. బాబుని తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్తే అది తెరిచే ఉంది. అంతకుముందు వారం తేదీతో మావాడి పేరు, ఎదురుగా "ఫీవర్ సిరప్ 5 ఎంఎల్". ఆ రోజు వాడికి జ్వరం వచ్చిందని గానీ, మందు పోశామని గానీ నాకు ఫోన్ లేదు, యాప్‌లో ఒక్క మాట లేదు. మావాడి బరువు పది కిలోలు. పారాసిటమాల్ కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన పోస్తారు, అంటే వాడికి ఒక్కసారికి 150కి మించకూడదు. బజార్లో దొరికే సిరప్‌లలో ఐదు ఎంఎల్‌కి 120 ఉన్నవీ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. పసిపిల్లల చుక్కల మందైతే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. ఏ సీసానో రాయకుండా 5 ఎంఎల్ అని రాస్తే ఏం అర్థం చేసుకోవాలి? సీసా చూపించమంటే "అయిపోయింది మేడమ్, పారేశాం" అన్నారు. ఇంటికెళ్లి సాయంత్రం ఇంకో డోసు పోసే తల్లికి ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందో మీకు నేను వివరించక్కర్లేదు.

అదే పేజీలో ఇంకోటి చూశాను. ఒకే రోజు నలుగురు పిల్లలకి "జలుబు సిరప్", నలుగురికీ 12:50కే. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సలహా జారీ చేసింది. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన రోజులవి, పేపర్లన్నీ రాశాయి. పైగా జలుబు సిరప్‌లలో చాలావాటికి నిద్రమత్తు వస్తుంది. నలుగురికీ ఒకే నిమిషంలో, సరిగ్గా పడుకునే ముందు జలుబు చేసిందా? నిద్రపుచ్చడానికి పోశారా అని సూటిగా అడుగుతున్నాను. సూటిగానే జవాబు ఇవ్వండి. ఆ పేజీ ఫోటో నా దగ్గర ఉంది. మిగతా పిల్లల పేర్లు చెరిపేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

వెనక మెట్ల వైపు తలుపుకి తాళం వేసి, దాని ముందు పాత పరుపులు, ఊగే గుర్రం పేర్చి ఉంచారు. పైన మాత్రం "అత్యవసర ద్వారం" అని ఆకుపచ్చ బోర్డు. దాని గురించి ఇంకేం రాయాలి.

ఇవన్నీ అడిగితే సెంటర్ హెడ్ నన్ను రిసెప్షన్‌లోకి తీసుకెళ్లి గోడకి ఫ్రేము కట్టించిన కాగితం చూపించారు. "మాది లైసెన్స్ ఉన్న సెంటర్ మేడమ్" అన్నారు. అడ్మిషన్ అప్పుడూ ఇదే చూపించారు. ఈసారి దగ్గరికెళ్లి చదివాను. అది జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్స్. కిరాణా కొట్టుకీ, టిఫిన్ సెంటర్‌కీ, సెలూన్‌కీ ఇచ్చేదే. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అని చూసి ఫీజు కట్టించుకుంటారు. ఆయాలు ఎంతమంది, పసిపిల్లల్ని ఎలా పడుకోబెడుతున్నారు, మందు ఎవరు పోస్తున్నారు అని ఆ లైసెన్స్ కోసం ఎవరూ చూడరు. పోనీ అదైనా సరిగ్గా ఉందా అంటే దాని గడువు డిసెంబరుతోనే అయిపోయింది. వ్యాపారానికి అనుమతి కాగితాన్ని పిల్లల భద్రతకి సర్టిఫికెట్‌లా చూపించి మీ కౌన్సెలర్లు అడ్మిషన్లు చేసుకుంటున్నారు. నా దృష్టిలో అది తప్పుదోవ పట్టించడమే.

గేటు గురించి కూడా చెప్పాలి. యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డని చూసుకునేలా అనుమతించాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. ఆ బాధ్యత మా కంపెనీది, కాదనను. ఆ బాధ్యత తీర్చుకోవడానికే వాళ్లు మీతో ఒప్పందం చేసుకున్నారు. నాకు లంచ్ బ్రేక్ ఒంటిగంటకి. మీరు గేటు మూసేదీ ఒంటిగంటకే. బాబు ఇంకా పాలు తాగుతున్నాడు. ఆఫీసు నుంచి పది నిమిషాల దూరంలో ఉండి కూడా మధ్యాహ్నం వాడి దగ్గరికి రాలేకపోతున్నాను. అందుకే మా హెచ్‌ఆర్‌కి నకలు పెట్టాను, ఒప్పందం రెన్యూవల్‌కి ముందు వాళ్లు కూడా ఇది చదవాలి.

కెమెరా ఎందుకు ఆపుతారంటే పిల్లల ప్రైవసీ అన్నారు. డైపర్ మార్చే చోట కెమెరా ఉండకూడదు, ఒప్పుకుంటాను. నిద్ర గదికి ఆ కారణం అతకదు. అందులోనూ పొద్దున ఆటలాడుకునేదీ అదే గది, అప్పుడు మాత్రం యాప్‌లో చక్కగా కనిపిస్తుంది.

నాకు కావాల్సింది ఇది. ఆ రోజు మధ్యాహ్నం సీసీటీవీ రికార్డింగ్ మీద వేరే రికార్డింగ్ పడకుండా వెంటనే భద్రపరచండి, యాప్‌లో రాకపోయినా రికార్డ్ అవుతుందని మీ టెక్నీషియనే చెప్పాడు. కిందటి నెలలో ఒంటిగంట నుంచి మూడు దాకా నిద్ర గదిలో ఎవరెవరు డ్యూటీలో ఉన్నారో రోజువారీగా ఇవ్వండి. సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ అయిందో లేదో రాతపూర్వకంగా చెప్పండి. తల్లిదండ్రులు రాసిచ్చిన చీటీ, డాక్టర్ ప్రిస్క్రిప్షన్ లేకుండా ఏ బిడ్డకీ ఏ సిరప్పూ పోయకూడదు, పోస్తే సీసా పేరు, దాని మీదున్న మోతాదు, టైమ్, పోసినవాళ్ల సంతకం ఉండాలి. వెనక తలుపు తాళం ఈ ఉత్తరం అందిన రోజే తీయించండి, దానికి మీటింగులు అక్కర్లేదు. నిద్ర వేళ కెమెరా, గేటు రెండూ తల్లిదండ్రులకి తెరిచి ఉంచండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న ఆయాని ఉద్యోగంలోంచి తీసేసి "బాధ్యులపై చర్య తీసుకున్నాం" అని నాకు మెయిల్ పెట్టకండి. ఆ గదిలో నాకు నమ్మకం కలిగించిన మనిషి ఆవిడే. తప్పు ఆమెని ఒక్కదాన్నే వదిలి లంచ్ షిఫ్టులు వేసినవాళ్లది, తక్కువ మందిని పెట్టుకుని జీతాల డబ్బు మిగుల్చుకున్నవాళ్లది.

పదిహేను రోజుల్లో మెయిల్‌లో జవాబు రావాలి. ఫోన్ చేసి "ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం మేడమ్" అనొద్దు. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారికి, ఫైర్ విభాగానికి విడివిడిగా రాస్తాను. బాబు వచ్చే సోమవారం నుంచి మా అత్తగారి దగ్గర ఉంటాడు. ఈ నెల మిగిలిన రోజుల ఫీజు, అడ్మిషన్ అప్పుడు కట్టిన డిపాజిట్ నా ఖాతాలో వేయండి. ఖాతా వివరాలు మీ అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉన్నాయి, ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే ఫైన్ పట్టుకునేది ఆ ఖాతాలోంచే.

ఇట్లు,
మీ కొండాపూర్ శాఖ టాడ్లర్ బ్యాచ్‌లో ఒక బాబు తల్లి