తాబేలు ఎటు తిరగాలి?

నాన్నా,

బుజ్జిదానికి బడిలో కంప్యూటరు నేర్పుతున్నారా, ఆటలాడిస్తున్నారా అని ఫోన్లో అడిగారుగా. ఆటలే! మొన్న తొడలు నొప్పులంటూ వచ్చింది. ఐదుగురిని 16, 8, 4, 2, 1 అట్టలతో వరసగా కూర్చోబెట్టారట. సున్నా నుంచి 31 దాకా లెక్కపెడుతుంటే, ఏ అట్టలు కలిపితే ఆ అంకె వస్తుందో వాళ్లు నిలబడాలి, మిగతావాళ్లు కూర్చోవాలి. మనది 1 అట్ట. ప్రతి అంకెకీ లేవడమో కూర్చోవడమో! 16 పట్టుకున్నవాడు మాత్రం ఒక్కసారి లేచి అలాగే నిలబడ్డాడట. "అన్యాయం కదమ్మా" అంటుంది.

నిన్న హాల్లో సోఫా జరిపి నన్ను తాబేలును చేసింది. తను చెప్పినట్టే నడవాలి, సొంత తెలివి వాడకూడదు. మూడడుగులు ముందుకు, కుడికి 90 డిగ్రీలు, ఇలా నాలుగుసార్లు. చతురస్రం వచ్చింది. తర్వాత త్రిభుజం. కోణం 60 కదా, "60 తిరుగు" అంది. మూడు భుజాలూ నడిచేసరికి, బయల్దేరిన చోటికి ఆరడుగుల అవతల, గోడ దగ్గర తేలాను. నన్ను పక్కకు నెట్టి తనే నడిచింది. మూల దగ్గర ఆగి, ముందుకు ఒక చెయ్యి చాచి, మెల్లగా తిరిగింది. "ఇంకా తిరగాలమ్మా, చాలా తిరగాలి." 120! మీరు బోర్డు మీద బాహ్యకోణం ఎన్నిసార్లు గీశారో! మార్కుల కోసం బట్టీ పట్టాను గానీ, అది నడిచేవాడు తిరిగే కోణమని నాకు నిన్నే తెలిసింది.

ఈ తాబేలు కొత్తదేం కాదు. సీమోర్ పాపర్ట్ అనే ఆయన, ఇంకొందరూ కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాష తయారుచేశారు. తర్వాత దానికి నేల మీద పాకుతూ పెన్నుతో గీతలు గీసే మర తాబేలు తోడైంది. అది ఎటు తిరగాలో తోచకపోతే పిల్లలే తాబేలై నడిచి చూసుకునేవారు. కెమెరా ముందు చేతులూపే వీడియో ఆటలు నాకెందుకో నచ్చవు. వాటిలో తెర ఆడించినట్టు పిల్లలు ఎగురుతారు. ఇందులో పిల్ల ఆడించినట్టు తాబేలు ఆడుతుంది. మధ్యలో నా మోకాళ్లు పోతున్నాయనుకోండి!

ఇప్పుడు ఐదు మొనల నక్షత్రం మీద పడింది. 72 తిరిగితే పంచభుజి వచ్చింది. రాత్రి పడుకోబోయేదాకా హాల్లో తిరుగుతూనే ఉంది. ఆదివారం ఫోన్ చేస్తుంది, 144 అని మాత్రం చెప్పేయకండి.

మీ అమ్మాయి