రెండో తరగతి నోటుబుక్కు గురించి తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం.

రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టేయండి, స్వెటర్ల మీద పేర్లు కుట్టించండి, వానల వల్ల బస్సు కాస్త అటూ ఇటూ అయితే డ్రైవర్‌కి ఫోన్లు చేయకండి. ఇక అసలు సంగతికి వస్తాను.

మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒక ఫొటో తిరుగుతోంది. రెండో తరగతి బాబు నోటుబుక్కులో పేజీ అది. వాళ్ల బర్రె తాడు తెంపుకుని పోతే తాత కేకలేసిన సంగతి వాడు సొంతంగా నాలుగు వాక్యాల్లో రాశాడు. "బర్రె"కి ఒత్తు లేదు, ల రాయాల్సిన చోట ళ పడింది. టీచర్ ఎర్ర ఇంకు పెట్టకుండా, కింద "బర్రె మళ్లీ దొరికిందా?" అని మాత్రం రాశారు. దాని మీద "ఫీజులు తీసుకుని తప్పులు కూడా దిద్దరా" అని మొదలై చాలా మాటలు వచ్చాయి. టీచర్ అలా చేసింది నాకు తెలిసే, నేను ఒప్పుకునే.

ఆవిడ అడిగిన ప్రశ్నలో "బర్రె" అని సరిగ్గా రాసి ఉంది, ఎవరైనా గమనించారా? మర్నాడు వాడు ఆ ప్రశ్న చదివి, జవాబుగా ఇంకో మూడు వాక్యాలు రాశాడు. వాటిలో బర్రె వచ్చిన ప్రతిచోటా ఒత్తు ఉంది. ఆ పేజీని మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు. క్లాసులో ఎక్కువమంది చేసిన తప్పుల్ని శుక్రవారం బోర్డు మీద పెట్టి అందరితో దిద్దిస్తున్నాం, డిక్టేషన్ కూడా మానలేదు. దయచేసి ఆ ఫొటో ఈ రోజే తీసేయండి, బాబు పేరు స్పష్టంగా కనిపిస్తోంది, వాడు ఇప్పుడు పెన్సిల్ పట్టుకోవడానికే జంకుతున్నాడు.

మన చిన్నప్పుడు చదువంటే పలక మీద దిద్దడం, గుణింతాలు అప్పజెప్పడం. అది వద్దని నేను అనడం లేదు, మా ఒకటో తరగతిలో గుణింతాలు ఇప్పటికీ నేర్పుతాం. కానీ క నుంచి కః దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు, పాఠంలో లేని ఒక్క పేరా ముందు పెడితే నోరు మెదపలేకపోవడం అడ్మిషన్ల సమయంలో ఏటా చూస్తున్నాను. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు బాగా రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో కూడా మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు కొత్త పాఠాన్ని అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని పెట్టారు. అర్థం చేసుకుంటూ అన్నది అక్కడ ముఖ్యం.

అసలు నెల్లూరు జిల్లా వాళ్లకి ఈ మాట నేను చెప్పాలా! 1990ల మొదట్లో మన ఊళ్లలో పెద్దవాళ్లకి చదువు చెప్పే అక్షరదీపం రాత్రి బళ్లు నడిచాయి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో కూర్చుని చదివిన వాచకంలో సారా వల్ల కాపురాలు ఎలా పాడవుతాయో చెప్పే పాఠం ఉంది. వాళ్లు దాన్ని చూసి రాసి ఊరుకోలేదు, ఇది మన ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ గారూ, మిగతా ఆడవాళ్లూ ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తల్లుల పలకల మీద ఎన్ని ఒత్తులు తప్పాయో ఈ రోజు ఎవరికి కావాలి? చదివినదాన్ని తమ బతుకుతో కలుపుకోవడం, తమ మాట తాము చెప్పగలగడం, నా పిల్లలకి నేను ఇవ్వాలనుకుంటున్న చదువు అదే, దాని కోసం ఎవరితోనైనా వాదిస్తాను.

మా ఐదో తరగతి ముగ్గురు ఆడపిల్లలు బడి దారిలో వెలగని వీధి దీపం గురించి సర్పంచ్ గారికి ఉత్తరం రాశారు. మొదటి ప్రతి నిండా తప్పులే. నిజంగా ఒక పెద్దాయన చదువుతారని తెలిశాక వాళ్లంతట వాళ్లే పట్టుబట్టి దిద్దుకుని, శుభ్రంగా తిరగరాసి ఇచ్చి వచ్చారు. దీపం వెలిగింది! ఆ ఉత్తరం నకలు నా గదిలో గోడకి పెట్టాను, వచ్చి చదవండి, ఆ అక్షరాలు చూస్తే మీకూ కడుపు నిండుతుంది. నాలుగో తరగతి పాప ఒకామె వాళ్ల అవ్వ మాత్రల అట్ట చదివి, గడువు దాటిపోయిందని మింగనివ్వలేదట. ఇంతకంటే మంచి పరీక్ష నేనేం పెట్టగలను.

ఇంటి సంగతి కూడా కొంచెం మాట్లాడుకోవాలి, ఏమీ అనుకోకండి. హోంవర్కు అమ్మల చేతిరాతలో వస్తోంది. పిల్లల కంటే మీ రాత బాగుంటుందని మాకు తెలుసు, కానీ మాకు కావలసింది వాళ్ల రాత. రాత్రి పదకొండింటి దాకా ఫోన్ చూసిన పిల్లలు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతున్నారు. ఆ ఫోన్‌లోనూ మైకు నొక్కి నోటితో అడిగితే బొమ్మలు వచ్చేస్తుంటే పిల్లలకి అక్షరంతో పనేముంది? మీరు గ్రూపులో పెట్టే తెలుగు మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటున్నాయి, ఇక ఇంట్లో తెలుగు రాత పిల్లల కంట పడేది ఎక్కడ? కరెంటు బిల్లు, పెళ్లి కార్డు, కిరాణా చీటీ, ఏదో ఒకటి రోజూ చదివించండి. ఇంగ్లీషు పాడవుతుందని ఇంట్లో తెలుగు మాట్లాడనివ్వని వాళ్లు దయచేసి ఒకసారి నన్ను కలవండి.

శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా అన్ని తరగతుల నోటుబుక్కులూ హాల్లో పెడుతున్నాం. జూన్ పేజీ, ఇప్పటి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి, సందేహాలుంటే టీచర్‌ని అక్కడే అడగండి. లైబ్రరీ కథల పుస్తకాలు చాలా ఇళ్లలో ఉండిపోయాయి, అవి కూడా అప్పుడే పట్టుకురండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు