వాయించినవారి పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

పాటల మీద మీ పత్రికలో వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు అందరూ ఉంటారు. వాయించినవారే ఉండరు. ఇదెంత పెద్ద లోటో అమెరికాలోని డెట్రాయిట్ వాద్యబృందం 'ఫంక్ బ్రదర్స్' కథ తెలిశాక నాకు అర్థమైంది.

1959లో బెర్రీ గోర్డీ ఆ ఊళ్లో మోటౌన్ రికార్డుల కంపెనీ పెట్టారు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఒక మామూలు ఇల్లే స్టూడియో. రాత్రిళ్లు క్లబ్బుల్లో జాజ్ వాయించే స్థానిక కళాకారులే అక్కడ రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల జనరంజక సంగీతం) పాటలకు వాయించేవారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, మార్విన్ గే, స్టీవీ వండర్... గొంతులు మారినా వెనక బృందం దాదాపు ఒకటే. అయినా 1971లో మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా ఆ హిట్ రికార్డుల అట్టల మీద వాళ్ల పేర్లు వేయలేదు.

ఆ బృందంలోని జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) మీటేవారు. పాటకు నడకంతా అక్కడి నుంచే వచ్చేది. 1972లో కంపెనీ లాస్ ఏంజెలిస్‌కు మారిపోయింది. 1983లో మోటౌన్ పాతికేళ్ల వేడుక టీవీ కోసం ఘనంగా జరిగితే, జేమర్సన్ టికెట్టు కొనుక్కుని జనంలో కూర్చున్నారట. ఆ ఆగస్టులోనే, యాభై నిండకుండా, కన్నుమూశారు.

గిటారిస్టు రాబర్ట్ వైట్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒక హోటల్లో తింటుండగా టెంప్టేషన్స్ పాడిన 'మై గర్ల్' పాట వచ్చిందట. దాని మొదట్లో వినిపించే గిటారు ఆయనదే. సర్వర్‌తో ఆ మాట చెప్పబోయి, ముసలాయన ఏదో వాగుతున్నాడనుకుంటాడేమోనని మింగేశారట. 1994లో ఆయన పోయారు. బృందం మీద డాక్యుమెంటరీ 2002లో, గ్రామీ జీవిత సాఫల్య పురస్కారం 2004లో వచ్చాయి.

మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ, కొన్ని మినహాయింపులతో, వాయించినవారికి కూడా తమ పేరు చెప్పాలని అడిగే హక్కు ఇచ్చింది. కానీ ఫోన్‌లో ఏ తెలుగు పాట పెట్టుకున్నా ఆ వీణ ఎవరిదో, ఆ తబలా ఎవరిదో చాలాసార్లు తెలియదు.

ఆడియో కంపెనీల చేత పేర్లు వేయించడం మీ చేతిలో లేకపోవచ్చు. మీ వ్యాసాల్లో వేయడం మీ చేతిలోనే ఉంది. సంగీత దర్శకుణ్ని ఇంటర్వ్యూ చేసినప్పుడు ఫలానా పాటకు ఎవరెవరు వాయించారో అడిగి ఒక్క లైను వేయండి. పాత పాటలకైతే ఇంకా తొందరపడాలి. మద్రాసు స్టూడియోల్లో వాయించిన తరం వాళ్లు ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. దయచేసి ఈ ఏడాదే మీ విలేకరులను వాళ్ల ఇళ్లకు పంపండి.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం